ఏడో ఫారం

పదింటికి కట్టు విప్పుతామన్నారు. పదీ పన్నెండయింది. గోడగడియారంలో పెద్దముల్లు ఒక్కో గీత దాటడం లెక్కపెడుతున్నాను. ఈ కుర్చీలేమో అయిదింటినీ కలిపి ఒకే ఇనపకడ్డీకి బిగించారు, అటు చివర టీచరుగారి తమ్ముడు మోకాలు ఆడిస్తుంటే ఇటు చివర నేను ఊగుతున్నాను, ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన కాలు, బ్రేకు వెతుక్కుంటోంది కాబోలు, ఆయన భయం ఆ కడ్డీలోంచి పాకి నా వెన్నులోకి వస్తోంది, నా భయం మటుకు ఎటూ పోవడం లేదు, ఒళ్ళో సంచిలోనే ఉంది, సంచిలో పుస్తకం ఉంది, పుస్తకంలో తొంభై ఆరో పేజీ ఉంది, దాని తర్వాత ఉండవలసింది లేదు.

ఆ తలుపు వెనక టీచరుగారున్నారు. నిన్న పొద్దున ఆవిడ కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమకన్ను పదేళ్ళ కిందట ఇలాంటి బల్లమీదే పోయింది, మిగిలింది ఇదొక్కటే, అదీ పొర కమ్మి, ఎదుట ఉన్నది మనిషో అలమారో తెలియని స్థితికి వచ్చి ఆరేళ్ళు. వెలుగూ నీడా అయినా తెలుస్తున్నాయి, అవీ పోగొట్టుకోమంటారా అని డాక్టర్లమీదా తమ్ముడిమీదా ఒంటికాలిమీద లేచేవారు. అలాంటి మనిషి పోయిన నెలలో ఒక సాయంత్రం, నేను చదవడం ఆపి మంచినీళ్ళు తాగుతుంటే, "చేయించేసుకుంటాను సూదమ్మా" అన్నారు. ఏమిటండీ అన్నాను. "కన్నే. పుస్తకంలో అంత స్పష్టంగా చెప్పాక కూడా ఇంకా కూర్చుంటే, నేను చదువు చెప్పిన పిల్లలకి మొహం ఎలా చూపించను?" పుస్తకం చెప్పలేదు. నేను చెప్పాను. ఆ సంగతి ఈ లోకంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఏమండీ సూదమ్మగారూ," అన్నారు తమ్ముడుగారు ఉన్నట్టుండి, "అక్కకి చూపొస్తే ముందు ఎవర్ని చూస్తుందంటారు?"

"మిమ్మల్నేనండీ. తోడబుట్టినవారు."

"అదే నా భయం. ఆవిడ ఆఖరిసారి చూసినప్పుడు నాకు జుట్టుంది. ఇంకా ఉందనే చెబుతూ వచ్చాను ఇన్నాళ్ళూ."

నవ్వాను. ఈయన దాచింది ఒక బట్టతల, టోపీ పెట్టుకుంటే సరిపోతుంది. నేను దాచింది పదహారు పేజీలు. నేల తుడిచే ఆవిడ బకెట్టు జరుపుకుంటూ ముందుకు పోతోంది, కాళ్ళెత్తండమ్మా అంటోంది, ఎత్తాను, ఆ మందునీళ్ళ ఘాటులో ఎక్కడినుంచో ఉడికిన మైదా వాసన తగిలింది, తగలడానికి వీల్లేదు, అయినా తగిలింది, ముసలితనంలో ముక్కు కూడా ఎదుట ఉన్నది మానేసి గుర్తున్నదే వాసన చూస్తుందేమో. మా బైండింగు షాపులో జిగురుకోసం పొద్దున్నే మైదా ఉడికించేవారు. ముప్ఫై నాలుగేళ్ళు అక్కడ పుస్తకాలు కుట్టాను, సూదమ్మ అనే పేరు అక్కడే పడింది, అమ్మా నాన్నా పెట్టిన పేరు ఇప్పుడు రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పెద్ద కాయితం మడతలు పడి పదహారు పేజీలవుతుంది, దాన్ని ఫారం అంటారు, ప్రతి ఫారం అడుగునా దాని వరస చెప్పే చిన్న అంకె ఉంటుంది, పొడుగాటి బల్ల చుట్టూ ఒకటో కుప్ప, రెండో కుప్ప, మూడో కుప్ప అలా పేరుస్తారు, మేము చుట్టూ తిరుగుతూ కుప్పకొక ఫారం ఎత్తుకోవాలి, ఒక చుట్టు తిరిగితే ఒక పుస్తకం, కుట్టడం తర్వాత. గానుగెద్దుకైనా నూనె వాసన తెలుస్తుంది, నాకు నేను ఎత్తిన పుస్తకంలో ఏముందో తెలిసేది కాదు, అక్షరం ముక్క రాదు.

అంకెలక్క నాకు ముందు నడిచేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, ఫారాల అంకెలు చూడకుండానే చెప్పేది, అందుకా పేరు. వెనక్కి తిరగకుండా, చెయ్యి ఆపకుండా, మేస్త్రీకి వినపడకుండా పాఠం చెప్పేది. ఇది రెండు, మెడ వంచిన బాతు. ఇది ఏడు, కొడవలి, వేలు తెగుతుంది జాగ్రత్త. అంకెలయ్యాక అక్షరాలు, 'దీనికి తలకట్టు పెట్టవే, చలేస్తుంది పాపం' అనేది, నేను నవ్వు ఆపుకోలేక ఫారాలు జారవిడిచేదాన్ని. గుణింతాలు సగంలో ఉండగా వాళ్ళాయనకి వేరే ఊళ్ళో పని దొరికింది. మధ్యాహ్నం బండికి పోతున్నాం, పోయేముందు వచ్చి కనపడతాను అంది. వచ్చింది. లోపలికొస్తే మేస్త్రీ తిడతాడని కిటికీ అవతల నిలబడింది. ఆ కిటికీ ఏడో కుప్ప పక్కన. నేను ఆరో కుప్ప దగ్గరున్నాను. ఒక్క అడుగు వేస్తే ఏడు, వేస్తే తల ఎత్తాలి, ఎత్తితే చూడాలి, చూస్తే వెళ్ళొస్తానే అంటుంది, సరే అనాలి, అది నాకు చేతకాదు. సందు చివరిదాకా వెళ్ళొస్తానని చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ మా నాన్న అన్నదే ఆఖరిమాట, నాకప్పుడు ఎనిమిదేళ్ళు, సరే అన్నాను, ఆ సరే ఇప్పటికీ నా నాలుకమీద చేదుగానే ఉంది. అందుకని చేతులు ఆరో కుప్పలోంచే ఇంకో ఫారం ఎత్తాయి, కాళ్ళు అడ్డదారిన ఎనిమిదో కుప్పకు పోయాయి. "ఇదిగో, పిల్లా!" అని పిలిచింది. తల ఎత్తలేదు. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేసరికి కిటికీలో ఎండ ఒక్కటే నిలబడి ఉంది.

పదీ ఇరవై అయిదు. తలుపు తెరుచుకుంది, మా ఇద్దరి వెన్నులూ ఒకేసారి నిటారయ్యాయి, ఎవరో ట్రే పట్టుకుని అటు వెళ్ళిపోయారు. మోకాలు మళ్ళీ మొదలు. ఆ పుస్తకం వారం తర్వాత దొరికింది మేస్త్రీకి. "ఎవరిదీ ఘనకార్యం? ఆరో ఫారం రెండుసార్లుంది, ఏడు లేనేలేదు, చదివేవాడికి ఆరు అంత ముద్దొచ్చిందా?" అని నా ఒళ్ళో పారేశాడు. ఇంటికి తెచ్చుకున్నాను. మనిషి మనసు గురించిన పుస్తకం అది. లోకమంతా అమ్మ, ఆవు అంటూ చదువు మొదలుపెడితే నేను ఆత్మన్యూనతాభావంతో మొదలుపెట్టాను, ఆ మాట కూడబలుక్కోవడానికి రెండు రోజులు పట్టింది, మూడో రోజుకి అది నాకే ఉందని తెలిసింది. ఎంత సంతోషమేసిందో! నాకున్నదానికి ఒక పేరుంది, దాన్ని ఎవరో కూర్చుని అచ్చువేశారు. తిండి, గూడు, నలుగురి ఆదరణ, తనమీద తనకు గౌరవం, మనిషికి ఇవన్నీ కావాలని మెట్టుమెట్టుగా చెప్పుకొచ్చాడు అది రాసినాయన, తొంభై ఆరో పేజీ చివర, నాకు కంఠతా వచ్చు, 'ఇన్నీ దొరికాక కూడా మనిషి లోపల ఒక వెలితి మిగులుతుంది, తనను తాను దాటి వెళ్ళినప్పుడే అది నిండుతుంది, దాటడం ఎలాగంటే' అన్నాడు. పేజీ అయిపోయింది. పక్క పేజీ చూస్తే ఎనభై ఒకటి. పసిపిల్లలు బొటనవేలు ఎందుకు చీకుతారు. పోనీ ముందుకెళ్దామని నూట పదమూడు తీస్తే, 'పైన చెప్పిన విధంగా నడుచుకున్నవారికి ఇక చెప్పవలసింది లేదు' అని ఉంది. పైన చెప్పింది కిటికీ పక్కన వదిలేసి వచ్చాను కదా. ఆ పుస్తకం మళ్ళీ అచ్చుపడలేదు. పాత పుస్తకాల కొట్లలో వెతికాను, ఆ తర్వాత వేరే పుస్తకాలు ఎన్నో చదివాను, అట్టలూడినవి, చెదలు తిన్నవి, నాలాగే ఎక్కడో ఒక ఫారం పోగొట్టుకున్నవి. కానీ ఏ పుస్తకం మూసినా, దాటడం ఎలాగంటే, అన్న మాటే లోపల తలుపు తడుతూ ఉండేది.

టీచరుగారు మా మేడమీద వాటాలోకి వచ్చింది ఆరేళ్ళ కిందట, ఆ కన్నూ మసకేశాక. ఉపాధ్యాయులయ్యేవాళ్ళకు మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఒకరోజు మెట్లమీద నా అడుగుల చప్పుడు విని ఆపారు. "కింద మధ్యాహ్నంపూట ఎవరో గట్టిగా చదువుతుంటారు, మీరేనా?" అవునండీ, ఇబ్బందయితే మెల్లగా చదువుకుంటాను అన్నాను. "ఇంకా గట్టిగా చదవండి. పైకొచ్చి." అంతే, ఆరేళ్ళు, రోజూ మూడింటినుంచి అయిదుదాకా. మీరు కాస్తా నెల తిరక్కుండా నువ్వయింది. ఏం పుస్తకం ఉంది నీ దగ్గర అంటే, నా దగ్గర మొదట ఉన్నది ఇదే. చదువుతూ చదువుతూ తొంభై ఆరుకి వచ్చాను, దాటడం ఎలాగంటే, అన్నాను, ఆగాను. ఆవిడ కుర్చీలో ముందుకు వంగారు. "ఊఁ? ఎలాగట?" ఆ మొహం. చూపులేని మొహమంతా చెవులైపోయింది. పేజీలు లేవండీ అనాలి, నోరు తెరిచాను కూడా, తెరిచిన నోట్లోంచి ఇంకేదో వచ్చింది. 'పుస్తకాన్ని నిలబెట్టేది దారం. అది కనిపించనంతకాలం పుస్తకం గట్టిగా ఉన్నట్టు. కనిపించిందంటే ఊడిపోతోందన్నమాట. మనిషి కూడా తనను ఎవరు చూస్తున్నారని చూసుకోవడం మానేసి రెండు కాయితాలను కలిపి పట్టుకున్నప్పుడే...' అలా పోతూనే ఉన్నాను, కళ్ళు ఎనభై ఒకటో పేజీమీద, బొటనవేలు చీకే పిల్లలమీద. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత, "ఈయనెవరో గాని బైండింగు పని తెలిసినవాడిలా ఉన్నాడే" అన్నారు. ఉండొచ్చండీ అని దగ్గాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ రోజంతా దగ్గుతూనే ఉన్నాను.

ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ అడిగి చదివించుకునేవారు. చెప్పింది చెప్పినట్టు గుర్తుండదు కదా, ప్రతిసారీ కొంత మారేది. "విన్నప్పుడల్లా కొత్తగా ఉంటుంది ఈ భాగం, గొప్ప రచన లక్షణమే అది" అనేవారు. లక్షణం కాదండీ, నా మతిమరుపు. ఒకసారి ఆ దారం మాట ఉత్తరంలో రాయించి తన పాత శిష్యురాలికి పంపారు, రాసింది ఈ చేత్తోనే. ఆ అమ్మాయి దాన్ని క్లాసులో బోర్డుమీద రాసిందట, అరవైమంది పిల్లలు నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారట. వారంరోజులు నాకు నిద్రపట్టలేదు, దొంగతనం చేసినవాళ్ళున్నారు గాని, ఎవరికీ తెలియకుండా ఇంకొకరి పుస్తకంలోకి తన మాటలు తెచ్చి పెట్టి వచ్చిన దొంగని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అయినా మూడయ్యేసరికి మెట్లెక్కేదాన్ని, మోకాళ్ళు మొర్రోమన్నా సరే. ఆ రెండు గంటలూ నా ఒంట్లో ఎక్కడ ఏ నొప్పి ఉండేదో అడిగితే చెప్పలేను.

పోయిన నెలలో ఆవిడ కిటికీలో కుండీలోని మొక్క పువ్వు పూసింది. వేలితో రేకులు లెక్కపెట్టి, ఏ రంగే అన్నారు. ఎరుపండీ. "ఏ ఎరుపు?" చెప్పలేకపోయాను. అంత చదివాను, ఎన్ని మాటలు నేర్చుకున్నాను, ఒక్క ఎరుపు చెప్పలేకపోయాను. ఆవేళ ఏడో ఫారానికి ఇంకొంచెం కలిపాను. 'భయం పోయాక బయల్దేరదామనుకున్నవాడు గుమ్మంలోనే ముసలివాడవుతాడు. దాన్ని కూడా చంకనేసుకుని బయల్దేరినవాడు దారిలో ఎక్కడో దింపేసి మరిచిపోతాడు.' మంచినీళ్ళు తాగాను. చేయించేసుకుంటాను సూదమ్మా అన్నారు. అప్పుడు గాని తట్టలేదు, చూపొస్తే ఆవిడే చదువుకుంటారు, నాకు మూడూ అయిదూ ఉండవు అని. చెప్పేటప్పుడు తట్టి ఉంటే చెప్పేదాన్నా? ఏమో. తట్టలేదు, అంతే.

పదీ నలభై. ఎందుకింత ఆలస్యం. కట్టు కింద చీకటే ఉంటే, ఆ ఒక్క కన్నూ పోగొట్టింది నేను, నా కల్పన. వెలుగుంటే ఆవిడ మొదట అడగబోయేది ఈ పుస్తకాన్నే. ఎటు చూసినా నేను ఇక్కడ ఉండవలసిన అవసరం కనిపించడం లేదు. సంచి తమ్ముడుగారికిచ్చి, మందులకొట్టుదాకా వెళ్ళొస్తానని మెట్లు దిగిపోతే, సాయంత్రం ఆయనే వచ్చి చెబుతారు, మంచైనా చెడైనా తలుపు సందులోంచి వినొచ్చు. మా నాన్న కూడా ఇలాగే అన్నాడేమో, చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ, ఏదో చూడలేక. లేచాను. కడ్డీ తేలికై తమ్ముడుగారు కాస్త పైకి లేచారు.

"ఇక్కడ చదివే ఆవిడ ఎవరండీ?" తలుపు దగ్గర నర్సు. "పేషెంటు కట్టు విప్పనివ్వడం లేదు. అరగంటనుంచి ఒకటే గొడవ, మా చదివే ఆవిడ పక్కనుండాలి, లేకపోతే ముట్టుకోవద్దంటున్నారు. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి వెళ్ళారు."

"వెళ్ళండి, వెళ్ళండి," అన్నారు తమ్ముడుగారు రుమాలు తలమీద కప్పుకుంటూ, "నా జుట్టుకి ఇంకో పది నిమిషాల ఆయుష్షు."

కాళ్ళు మెట్లవైపే ఉన్నాయి. నాలుగు అడుగులు. నలభై ఏళ్ళ కిందట ఒక్క అడుగే. వెళ్ళాను. మంచంమీద ఆవిడ ఇంకా చిన్నగా ఉన్నారు, చెయ్యి గాలిలో వెతుకుతూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది, చల్లగా ఉంది. భయంగా ఉందాండీ అన్నాను. "ఉంది. చంకనేసుకునే వచ్చాను" అన్నారు. నర్సు పట్టీ ఊడదీసింది, దూది తీసింది, తడిగుడ్డతో రెప్ప తుడిచింది, మెల్లగా తెరవండమ్మా అంది. రెప్ప వణికింది. తెరుచుకుంది. ఎర్రగా, నీళ్ళతో, అప్పుడే పుట్టినదానిలా ఉంది ఆ కన్ను, ఆ నీళ్ళలో గది కిటికీ నలుచదరంగా, గోరంత, మెరుస్తూ, అది పైకప్పు చూసింది, నర్సు తెల్లటోపీ చూసింది, తిరిగింది, తిరుగుతూ తిరుగుతూ నా మొహంమీదికి వచ్చి ఆగింది. నిలిచింది. చూస్తున్నారు. టీచరుగారు చూస్తున్నారు! ఆ నిమిషంలో నేనేమనుకున్నానో తర్వాత ఎంత వెతుక్కున్నా దొరకలేదు, సంచి లేదు, పుస్తకం లేదు, దొరికిపోతానన్న దిగులు లేదు, అసలు నేనే లేను, గదినిండా ఆవిడ చూడడం ఒక్కటే ఉంది.

"నువ్వా సూదమ్మవి?" అన్నారు. "గొంతు విని ఆరడుగుల మనిషివనుకున్నానే! పిట్టంత ఉన్నావు."

నర్సు పకపకా నవ్వింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నా మొహానికే తెలియదు.

"ఆ సంచి ఎరుపు కదూ? ఆ పువ్వుది ఈ ఎరుపేనా?"

"ఇంకొంచెం ముదురండీ."

"ఇంటికెళ్ళాక చూస్తాగా. పుస్తకం తెచ్చావా? దారం పేజీ తియ్యి."

"నెల్లాళ్ళు చదవకూడదమ్మా," అంది నర్సు.

"చదవను తల్లీ, చూస్తాను. ఆరేళ్ళుగా వింటున్న మాటలు, ఎలా ఉంటాయో చూడొద్దూ?"

తొంభై ఆరు తీసి ఇచ్చాను. చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, ఆ ఒక్క కన్నూ చిట్లించి, అడుగున ఉన్న అంకెలు పోల్చుకున్నారు. తొమ్మిది, ఆరు. పక్క పేజీకి వెళ్ళారు. ఎనిమిది, ఒకటి. మళ్ళీ వెనక్కి వచ్చారు.

"ఏడో ఫారం లేదండీ," అన్నాను. "ఎప్పుడూ లేదు. నేనే ఎత్తకుండా వదిలేశాను. మీకు చదివిందంతా..."

"చదివిందంతా?"

"నా తలకాయలోదేనండీ."

"దారం?"

"నాదే."

"భయాన్ని చంకనేసుకోవడం?"

"అదీ నాదేనండీ."

"అంటే, అంత చదువుకున్న పెద్దమనిషి చెప్పాడు కదా అని కాదు, కింద వాటాలో ఉండే సూదమ్మ చెప్పిందని నేను వెళ్ళి కన్ను కోయించుకున్నాను."

"అవునండీ." తల దించబోయాను. దించలేదు. ఆ కన్ను నన్నే చూస్తోంది, నేనూ చూశాను. ముందు ఆవిడ పెదవి కదిలింది, తర్వాత భుజాలు, తర్వాత మంచం. "అరవైమంది పిల్లలే! నోటుపుస్తకాల్లోనే! రేపు పరీక్షలో రాస్తే దిద్దేదెవరే, నువ్వా?" నవ్వకూడదమ్మా, కంటిమీద ఒత్తిడి పడుతుంది అని నర్సు మొత్తుకుంటోంది, ఆవిడ కన్ను గట్టిగా మూసుకోకుండా, వెడల్పుగా తెరుచుకునే నవ్వుతున్నారు, మళ్ళీ మూస్తే పోతుందేమో అన్నట్టు. తలుపు తోసుకుని తమ్ముడుగారు వచ్చారు, రుమాలు రెండు చేతులా పట్టుకుని. "అది తియ్యరా," అన్నారు ఆవిడ, "జ్వరమొచ్చినప్పుడు తల నిమిరినదాన్ని, ఆమాత్రం తెలియదా. సూదమ్మా, నువ్వు విను. ఒక ఫారం తెల్లకాయితం మడిచి అక్కడ కుట్టు. నెల్లాళ్ళు నేను చదవకూడదట, ఈలోగా నువ్వు రాసి పెట్టు. కుదురుగా రాయి, మతిమరుపుతో మార్చకు. ఆ తర్వాత నేను చదువుతాను, నువ్వు వింటావు. మూడింటికల్లా పైకి రావాలి, మోకాళ్ళనీ అవనీ ఇవనీ అంటే ఒప్పుకోను."

మతిమరుపు సంగతి ఎలా తెలిసిందో. అడగకముందే నర్సు మమ్మల్ని బయటికి తోలేసింది. పదకొండు కొట్టింది. మెట్లు దిగుతున్నాను, తమ్ముడుగారు పైనే ఉండిపోయారు, కుట్టు ఎక్కడ విప్పాలో, ఆరో ఫారం రెండోది ఎలా తీయాలో, అదే దారం సరిపోతుందో లేదో లెక్కేసుకుంటున్నాను, అడుగున 7 అని వేయాలి, కొడవలిలా, వేలు తెగకుండా. గేటు దాటాను. నాకున్న అలవాటు ప్రకారం వెనక్కి చూడలేదు.

"ఇదిగో, సూదమ్మా!"

కాళ్ళు ఆగాయి. కిటికీలోంచే, పైఅంతస్తు కిటికీలోంచి, నాకు తెలుసు. నర్సు కోప్పడుతుంది, గాలి తగలకూడదు, లోపలికి వెళ్ళండి అని అరవాలి, అదంతా తర్వాత. తిరిగాను. తల ఎత్తాను. ఎండ కళ్ళలో పడింది, ఆ ఎండలో కిటికీ, కిటికీలో ఆవిడ, చెయ్యి ఊపుతున్నారు, ఎవరో తనను వదిలి వెళ్తుండగా చూసి ఆరేళ్ళయిన మనిషి, ఎంత దూరందాకా కనపడతానో చూసుకుంటున్నట్టుంది, నేనూ చెయ్యెత్తి ఊపాను, వెళ్ళొస్తానండీ, వెళ్ళొస్తాను, అని అరుస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఊపుతూనే, చివరికి ఎవరో సైకిలు నడిపించుకుపోతున్నాయన్ని గుద్దేశాను.

"చూసుకుని నడవాలి కదమ్మా!"

"చూస్తున్నాను బాబూ," అన్నాను, చెయ్యి దించకుండానే, "చూస్తూనే ఉన్నాను."